వంతు

నరసాపురంలో ఒక లాడ్జి, మూడో అంతస్తు.
ఏసీ పనిచెయ్యదని ముందే చెప్పారు.
ఈ నెలకి ఇదే నా కోర్టు.
రిటైరైన జిల్లా జడ్జీని, ఇప్పుడు మధ్యవర్తిని.
పిలవడానికి బంట్రోతు లేడు,
టీ తెచ్చే కుర్రాడే పార్టీలని లోపలికి రమ్మంటాడు.

వాది తిరుమాని లోవమ్మ, చేపల వర్తకురాలు.
వశిష్ఠ ఐస్ ప్రైవేట్ లిమిటెడ్‌లో
వందకి పదకొండు వాటాలు.
ప్రతివాది, మిగతా ఎనభై తొమ్మిది:
అంటే వేగేశ్న అచ్యుతరాజు,
ఆయన బావమరిది,
ఆ బావమరిది రబ్బరు స్టాంపు.

తొమ్మిదేళ్ళుగా లాభం లేదని లెక్కలు చెబుతున్నాయి.
తొమ్మిదేళ్ళుగా డైరెక్టర్ల జీతాలు పెరిగాయని కూడా
ఆ లెక్కలే చెబుతున్నాయి.
ఈ రెండు పేజీల మధ్య ఎక్కడో
లోవమ్మ డైరెక్టరు పదవి జారిపోయింది.
మీటింగుకి నోటీసు పంపామన్నారు.
పంపారు, ఇంగ్లీషులో, వేట సీజనులో.

"మొదట్లో కాగితాలెక్కడియండీ,
రాజుగారిది చేను, నాది పడవ.
పడవ అమ్మేసి మెషీన్లో పెట్టాను.
దిగిన మొదటి దిమ్మ నా నెత్తి మీదే పెట్టారు,
నీళ్ళు చెవుల్లోకి కారిపోతుంటే అందరం ఒకటే నవ్వు.
'ఇది ఉన్నన్నాళ్ళూ నువ్వుంటావు లోవా' అన్నారాయన.
అదేనండీ నా అగ్రిమెంటు."

రాజు తల ఎత్తలేదు.
అనలేదని కూడా అనలేదు.

ఆమె లాయరు గ్రంధి హైమవతి
కెనడా తీర్పొకటి అచ్చుతీసి తెచ్చింది,
అరవై పేజీలు, పసుపు గీతలతో.
కలిసి మొదలెట్టినవాళ్ళ మధ్య
కాగితానికెక్కని నమ్మకం ఒకటి ఉంటుందట.
అది న్యాయమైన ఆశే అయితే
చట్టం దానికీ ఒక కుర్చీ వెయ్యాలట.
అక్కడి జడ్జీల మాటకి ఇది ఆ పిల్ల తెలుగు.

అవతలి ప్లీడరు కండువాతో మెడ తుడుచుకుని
"మంచు కురిసే దేశం తీర్పండీ,
ఈ ఉక్కలో చెల్లుతుందా?" అన్నాడు.
"ఐసు కేసుకి
ఐసు దేశం తీర్పు కాక ఇంకేం తెస్తారండీ"
అంది లోవమ్మ.
టీ కుర్రాడు కూడా నవ్వాడు.
ఆ మాట నేను రికార్డు చెయ్యలేదు.
చెయ్యాల్సింది.

రాత్రి ఆ అరవై పేజీలూ చదివాను,
హైమవతి గీతలు పెట్టని చోట్లు మరీ జాగ్రత్తగా.
వాటి వెనక ఇంకో తీర్పు పిన్ను కొట్టి ఉంది:
మధ్యవర్తి పొరపడినా
ఆ పొరపాటు మీరు కోరి తెచ్చుకున్నదే,
మేం వేలు పెట్టం అంటుంది.
మన దగ్గరా ఇంచుమించు అంతేగా.
జడ్జీగా ఉన్నప్పుడు
ఎగువ తలుపు సరిగ్గా పడకపోయినా
దిగువ లాకు దగ్గర ఎవరో సర్దుతారని
హాయిగా నిద్రపోయేవాణ్ణి.
ఇప్పుడు చివరి లాకుని నేనే.
నా తరవాత ఉప్పునీళ్ళు.

కంప్రెసర్లకి తరుగు కట్టాను.
స్థలానికి రేటు కట్టాను.
మింగిన జీతాలు వెనక్కి లాగి
వడ్డీ వేశాను.
నెత్తి మీది ఆ మొదటి దిమ్మకి
ఏ కాలమ్‌లోనూ చోటు దొరకలేదు.
కుర్చీ తిరిగి ఇప్పించలేకపోయాను,
పక్కపక్కన కూర్చోరు వాళ్ళిక.
పదకొండు వాటాలూ సరసమైన ధరకి
రాజు కొనాలని రాశాను, అరవై రోజుల్లో.
కొన్నాడు. ఎవరూ పై కోర్టుకెళ్ళలేదు.
అదే నాకు కొంచెం భయం వేసింది.

వానలకి ముందు
ఫీజు బాకీ కోసం మళ్ళీ నరసాపురం వెళ్ళాను.
తెల్లారగట్ల ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర
పొట్టు బస్తాలు, మినీ లారీలు,
దిమ్మలు నలిగే చప్పుడు.
వరసలో ఆరో మనిషి లోవమ్మ,
చంకలో నీలం టబ్బు, కొంగున చిల్లర.
బోర్డు మీద కొత్త రంగు.
ఏదో అడగబోయాను,
డబ్బు చేతికందిందా అనో,
నేను రాసింది బాగుందా అనో.

"జరగండి బాబూ," అంది,
"వంతు తప్పుద్ది."